అత్త చేతికి ఇవ్వని బిడ్డ

నా కొడుక్కి నేనే నీళ్ళు పోసుకుంటానని అత్తతో కయ్యానికి దిగిన కోడలు దేవరకొండ చుట్టుపక్కల ఊళ్ళలో నేనొక్కదాన్నే అయి ఉంటాను. మా దిక్కు పసిబిడ్డకు నీళ్ళు పోయడం అత్తగారి హక్కు. ఆమె పెరట్లో స్నానాలు చేసే జాలారి బండ మీద కూర్చుని, చీర మోకాళ్ళ దాకా దోపుకొని, కాళ్ళు బార్లా చాపి వాటి మీద బిడ్డను పడుకోబెట్టుకుంటుంది. నూనెతో మర్దన చేస్తుంది, పిండితో నలుగు పెడుతుంది, ముక్కు నిలబెడుతుంది, తల గుండ్రంగా వచ్చేలా ఒత్తుతుంది. బిడ్డ గుక్కపెట్టి ఏడుస్తుంటే బాలింత పక్కన కూర్చుని చెంబు అందించాలి, నోరు మూసుకోవాలి. నోరు మూసుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ చేతకాదు. అయితే ఆ రోజు నాతో కయ్యం పెట్టించింది నా నోరు కాదు, నా భయం.

ఆ భయం నాకు పుట్టింట్లో పట్టుకుంది. మా బాపు రామన్నపేటలో ఉర్దూ బడిపంతులు. ఆడపిల్లనని నన్ను బడికి పంపలేదు గానీ ఇంట్లోనే పలక ఇచ్చి రెండు భాషలూ నేర్పాడు. ఆ ఉర్దూ నాకు ఎక్కడ అక్కరకొచ్చిందో చివర్లో చెబుతాను. పెళ్ళయ్యాక నాకు ఇద్దరు పిల్లలు పుట్టీ పుట్టగానే పోయారు. రెండో బిడ్డ పోయిన ఏడాది నుంచే మా అత్త ఈడొచ్చిన తన తమ్ముడి కూతురిని పండగకనీ పబ్బానికనీ పిలిపించి ఇంట్లో తిప్పడం మొదలుపెట్టింది. ఆ పిల్ల నా ముందే మా ఆయనకు పళ్ళెం పెట్టేది. ఎందుకొచ్చిందో తెలియనంత అమాయకురాలినా నేను? మూడో కాన్పుకు పుట్టింటికి వచ్చినప్పుడు, బిడ్డ దక్కితేనే ఆ ఇంటి గడప మళ్ళీ తొక్కేదని నాకు తెలుసు.

కొడుకు పుట్టాడు. ఏడుపు వీధి చివర దాకా వినిపించింది. మా అమ్మ మురిసిపోతూ కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పోస్తున్నదల్లా ఉన్నట్టుండి ఆగిపోయింది. తడి చేత్తో వాడి కాళ్ళ సందున మళ్ళీ మళ్ళీ తడిమి చూసింది.

"ఓ బిడ్డా, గిటు రా," అంది గొంతు తగ్గించి. "గీ పక్క తిత్తి ఖాళీగున్నది. ఒక్క గింజనే చేతికి దొరుకుతాంది. ఇంకోటి లేదే."

"లేకపోవుడేందమ్మా? అందరికి రెండుంటయి గద!"

"ఉంటది. యాడనో పైన ఆగింది. కొందరికి ఆలస్యంగ దిగుతది తీ," అంది. ఆ 'తీ' అనడంలో ఆమెకు కూడా నమ్మకం లేదని నాకు తెలిసిపోయింది. తర్వాత నా గడ్డం పట్టుకుని అసలు మాట చెప్పింది. "మీ అత్తకు మాత్రం చెప్పకు. ఆమె నోట్ల పడ్డదంటే పిలగాని పెండ్లినాడు సుత గదే ముచ్చటైతది. కొడుకును కనుడు గూడ రాలేదని నీకు సవతిని తెస్తరు."

ఇదీ నా భయం. అందుకే అత్తారింటికి తిరిగొచ్చిన రోజు, ఆమె బండ కడిగి, వేడినీళ్ళలో చన్నీళ్ళు తొర్పి, చేతులు చాపి "తే, ఇటియ్యి" అంటే నేను బిడ్డను రొమ్ముకు అదుముకున్నాను.

"నేనే పోసుకుంట అత్తా. మొక్కుకున్న."

"ఏం మొక్కు?"

"ఇద్దరు పోయిన్రు గద. వీనికి అయిదేండ్లొచ్చేదాక కన్నతల్లి తప్ప ఎవ్వలు నీళ్ళు పోయొద్దని ఎల్లమ్మకు మొక్కిన. పోస్తనంటే నువ్వే పొయ్యి, అటెన్క ఏమన్న అయితే నన్ననకు."

అప్పటికప్పుడు పుట్టించిన మొక్కు అది. ఎల్లమ్మకే తెలియదు. అత్త చాపిన చేతులు అట్లాగే కాసేపు గాలిలో ఉన్నాయి. "నా చేతులకేమన్న పుండ్లు లేసినయా? నా పెద్దోనికి నేనే పోసిన నీళ్ళు. గడ్డ లేచి పోయిండు గని, నీళ్ళు పోసుట్ల నేనేం లోపం జెయ్యలే," అని పైకి లేచి పశువుల కొట్టంలోకి వెళ్ళిపోయింది. ఆ పెద్దోడంటే మా ఆయనకు అన్న. మా ఆయన పుట్టకముందే, నడక వచ్చిన కొత్తలోనే, గడ్డ లేచి వాతలు పెట్టించినా దక్కకుండా పోయాడట. ఆ మాట వస్తే చాలు, ఆమె కొట్టంలోకి వెళ్ళి ఎడ్ల దగ్గర నిలబడేది. ఎవరూ వెనక వెళ్ళేవాళ్ళు కాదు. దొంగమొక్కుతో గెలిచాననే సంబరంలో నేను ఆ రోజు ఆమె మాట చెవిన వేసుకోనేలేదు.

మా ఆయనకు కూడా చెప్పలేదు. మంచివాడే, కానీ కడుపులో ఏదీ దాగదు. తల్లి ముందు కూర్చుని అన్నం తింటూ మనసులో ఉన్నదంతా కక్కేసేవాడు. అట్లాంటి మనిషికి రహస్యం చెప్పడం కంటే డప్పు కొట్టించడం మేలు.

అట్లా రోజూ నేనే నీళ్ళు పోశాను, రోజూ చూసుకున్నాను. వేడినీళ్ళు పోసినప్పుడు కుడివైపుది కిందికి జారేది, చలికి పైకి పోయేది, మళ్ళీ వచ్చేది. ఎడమవైపు ఎండైనా వానైనా ఖాళీయే. నూనె రాసి గజ్జల నుంచి కిందికి నిమిరేదాన్ని. బోర్లా పడ్డాడు, పాకాడు, నిలబడ్డాడు. నడిస్తే దిగుతుందేమో అనుకున్నాను. నడిచాడు, ఉరికాడు, చింతచెట్టెక్కాడు. దిగలేదు. మూడేళ్ళప్పుడు మారాం చేసి ఏడుస్తుంటే ఎడమ గజ్జలో ఉబ్బు కనిపించింది. ఏడుపు ఆపాక పోయింది. అక్కడ వేలు పెట్టి చూస్తే చింతగింజంతది చర్మం కింద కదిలింది. హమ్మయ్య, ఉన్నది, దారిలో ఆగింది అనుకున్నాను. తర్వాత చెరువు గట్టు దాకా వెళ్ళి ఒక్కదాన్నే కూర్చుని ఏడ్చాను. ఉన్నదన్న సంతోషమూ, దాన్ని కిందికి దింపడం ఎట్లాగో తెలియని దుఃఖమూ రెండూ ఒక్కసారే వచ్చాయి.

మా ఊళ్ళో మగపిల్లలు ఆరేళ్ళ దాకా మొలతాడుతో తిరిగేవాళ్ళు. నా కొడుకు ఒక్కడే నడక వచ్చిన నాటి నుంచి లాగు తొడుక్కున్నాడు. బావి కాడ ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు. "ఏమమ్మో, నీ కొడుకు తాసిల్దారు కొల్వుకు పోతుండా?" అనేవాళ్ళు. "పోతడు. మీ పోరగాండ్లను జవానులుగ పెట్టుకుంటడు," అనేదాన్ని. వాళ్ళ నవ్వులో నవ్వు కలిపి ఇంటికొచ్చి, లాగు నాడా గట్టిగా ఉందో లేదో చూసుకునేదాన్ని. వాగులో పిల్లలందరూ ఈత కొడుతుంటే వాడు గట్టున నిలబడి చూసేవాడు. "నేనెందుకు దుంకొద్దమ్మా?" అని అడిగితే మొక్కు అని చెప్పేదాన్ని. అయిదేళ్ళు దాటినా మొక్కు తీరలేదు. ఏడేళ్ళని పెంచాను.

వాడికి ఏడో ఏడు నడుస్తుండగా ఊళ్ళో ఎలుకలు పడ్డాయి.

రజాకార్ల గోల ఇంకా మా దిక్కు రాలేదు. ఒక ఇంట్లో దూలం మీది నుంచి ఎలుక రాలి, గిరగిరా తిరిగి చచ్చింది. మరునాడు ఇంకో రెండిళ్ళలో రాలాయి. డప్పు కొట్టి చాటింపు వేశారు. ప్లేగు వస్తే మా పల్లెల్లో చేసే పని ఒక్కటే. ఇళ్ళ పైకప్పు పెంకులు తీసేసి లోపలికి ఎండ తగలనిచ్చి, ఊరు ఊరంతా మెట్ట చేలల్లోకి వెళ్ళి జొన్నచొప్పతో గుడిసెలు వేసుకోవాలి. వాన పడి అంతా సద్దుమణిగేదాకా అక్కడే వంట, అక్కడే పడక. ఎవరికైనా జ్వరమొచ్చి, చంకలోనో గజ్జలోనో గడ్డ లేచిందంటే వాళ్ళ ఇంటివాళ్ళందరినీ గుట్ట అవతలికి పంపేసేవాళ్ళు. అక్కడికి అంబలి కుండ దూరం నుంచి పెట్టి వచ్చేవాళ్ళు. పంపే ముందు గడ్డ మీద కొడవలి కాల్చి వాత పెట్టేవాళ్ళు, విషం ఒంట్లోకి పాకకుండా కట్టేస్తుందని. ఆ పని చేసే ముసలాయన ఒకడుండేవాడు. పశువులకు వాతలు పెట్టేదీ ఆయనే, కామెర్లకు మనుషుల చేతుల మీద పెట్టేదీ ఆయనే. వాతల తాత అనేవాళ్ళం.

గుడిసెలకు వెళ్ళిన రోజే పెద్దమనుషులు ఒక కట్టడి చేశారు. రోజూ పొద్దున పిల్లలందరినీ వరసలో నిలబెట్టి తాత చంకలు, గజ్జలు తడిమి చూడాలి. పొద్దు పొడవకముందే కొడుకును లేపి మేకల వెంట గుట్టకు తరిమేదాన్ని. తాత వచ్చి అడిగితే "నేను చూసిన తాతా, ఏం లేదు, వజ్రమోలె ఉన్నడు," అనేదాన్ని. నడిచినన్నాళ్ళు నడిచింది. అప్పటికే ఊళ్ళో ముగ్గురు పోయారు. అందులో ఒకరు నాతో కలిసి నీళ్ళు చేదుకున్న మనిషి. అందరికీ ప్రాణాలు అరచేతిలో ఉన్నాయి.

ఒకరోజు మిట్టమధ్యాహ్నం మేకల దగ్గర నుంచి వాడు వణుకుతూ వచ్చాడు. గొంగడి కప్పితే గొంగడి కూడా వణికింది. ఆ కాలంలో చలిజ్వరం రాని పిల్లలెవరు? నాకు తెలుసు అది చలిజ్వరమేనని. కానీ నేను నీళ్ళకు వెళ్ళి వచ్చేసరికి అత్త భయపడి తాతను పిలిపించింది. నేను గుడిసె దగ్గరికి వచ్చేసరికి తాత చెయ్యి గొంగడి కింద ఉంది, ముఖం పాలిపోయి ఉంది.

"ఎడమ గజ్జల గడ్డున్నది," అన్నాడు.

గుడిసె ముందున్న జనం నా కళ్ళ ముందే వెనక్కి జరిగారు. ఎవరో "నిప్పు తెండి" అని అరిచారు. ఎవరో పరుగున వెళ్ళి కొడవలి తెచ్చి పొయ్యిలో పెట్టారు. మా ఆయన నా దిక్కు చూసి, తల్లి దిక్కు చూసి, నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. అత్త గోడకు ఆనుకోవాలన్నా అక్కడ గోడ లేదు, చొప్ప. ఆ చొప్పను పిడికిట్లో పట్టుకుని నిలబడింది.

నా బిడ్డ గజ్జల్లో ఉన్నది గడ్డ కాదని ఆ మెట్ట మీద తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. చెప్తే ఏడేళ్ళు దాచింది ఊరందరి ముందూ బయటపడుతుంది, వాడికి జీవితాంతం ఒక పేరు పడుతుంది, నాకు సవతి వస్తుంది. చెప్పకపోతే వాడి తండ్రితనాన్ని ఎర్రగా కాలిన కొడవలితో కాలుస్తారు. అబ్బ, ఎంత సేపు ఆలోచించానని! కొడవలి రంగు మారేంత సేపు. ఆ కాస్త సేపు కూడా ఎందుకు ఆలోచించానా అని ఇప్పటికీ నామీద నాకు మంటగా ఉంటుంది.

"గడ్డ గాదు!" అని అరిచాను. "గడ్డ గాదయ్యా, గది వాని గింజ! పుట్టినప్పటి సంది దిగలేదు. ఆడనే ఆగింది. నేను రోజు చూస్తున్న. మొక్కు లేదు, మన్ను లేదు, గందుకే ఎవ్వల చేతికి ఇయ్యలే!"

జనంలోంచి ఎవరో ఆడమనిషి అంది, "కన్నకడుపు గద, కాపాడుకునేటందుకు ఏదో ఒకటి అంటది." తాత కూడా తలాడించాడు. "బిడ్డా, నీ బాధ నాకెరికే. గని పొద్దాక ఉంటే పక్క గుడిసెకు పాకుతది," అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఆ రోజు మాత్రం నేను ఆయన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

నమ్మేదెవరు? పదిమంది ముందు బిడ్డ బట్ట విప్పి చూపించనా? చచ్చినా చూపించను. గుడిసె వాకిట్లో అడ్డంగా నిలబడి అత్త చెయ్యి పట్టుకుని లాగాను. "నువ్వు రా. నువ్వొక్కదానివే లోపలికి రా. నీ చేతితోని చూడు. ఏడేండ్లు ముట్టనియ్యలే గద, ఇప్పుడు ముట్టు!"

లోపల చీకటిగా ఉంది. వాడు గొంగట్లో మూలుగుతున్నాడు. అత్త పక్కన కూర్చుంది. చేతులు చన్నీళ్ళలా ఉన్నాయేమో, ముందు రెండు అరచేతులూ రుద్దుకుని వేడి చేసుకుంది. నీళ్ళు పోసే ఆడవాళ్ళకు ఉండే అలవాటు అది. తర్వాత మెల్లగా తడిమింది. ఖాళీగా ఉన్న ఎడమవైపు మీద ఆమె వేళ్ళు ఆగాయి. అక్కడి నుంచి పైకి, గజ్జలోకి వెళ్ళి మళ్ళీ ఆగాయి. నేను ఆమె ముఖమే చూస్తున్నాను. కోపమొస్తుందనుకున్నాను, అసహ్యపడుతుందనుకున్నాను. అదేదీ లేదు. ఆమె నోరు కొద్దిగా తెరుచుకుంది, అట్లాగే ఉండిపోయింది. వాడి మీద నుంచి చూపు ఎక్కడికో పోయింది. తర్వాత వాడికి గొంగడి సరిగ్గా కప్పి, మోకాళ్ళ మీద చేతులు పెట్టి లేచి బయటికి వెళ్ళింది.

"నేను చూసిన. గడ్డ గాదు. గా కొడవలి నీళ్ళల్ల ముంచుండ్రి," అంది తాతతో.

"నీకు గట్టిగ ఎరికేనా అక్కా?"

"ఎరికే. పిలగాని మీద చెయ్యేస్తే ముందు నన్ను కాల్చు."

కొడవలి నీళ్ళలో సుయ్యిమంది. అయినా వాళ్ళు మమ్మల్ని గుట్ట అవతలికి పంపారు, అదీ న్యాయమే. మూడో పూటకు వాడికి చెమట పట్టి జ్వరం దిగిపోయింది. మళ్ళీ రోజు విడిచి రోజు వణుకు వచ్చింది, క్వినైనుకు తగ్గింది. ప్లేగైతే అట్లా లేచి అంబలి అడుగుతాడా? వాన పడ్డాక అందరం ఊళ్ళోకి తిరిగొచ్చాం.

ఊళ్ళోకొచ్చాక నా మాట నిజమని తేలింది, కానీ ఆ నిజం మమ్మల్ని బతకనివ్వలేదు. పిల్లలు వాడిని 'ఒంటిగింజ' అని పిలవడం మొదలుపెట్టారు. ఒకరోజు ముక్కు పగిలి ఇంటికొచ్చాడు. "నేను మొగోన్ని గాదాట అమ్మా?" అని అడిగాడు. ఆ మాట అన్న పోరడి ఇంటికి వెళ్ళి, వాడి అమ్మకూ అవ్వకూ కలిపి సమాధానం చెప్పి వచ్చాను. నా ఏడుపు మాత్రం ఇంట్లో దాచుకున్నాను. మా ఆయన ఒక్కటే అడిగాడు, "నాకన్న చెప్పొద్దా?" అని. "చెప్తే ఏం జేస్తుంటివి? మీ అవ్వ ముంగట కూసొని గటుక తినుకుంట చెప్తుంటివి," అన్నాను.

అత్త నాతో మాట్లాడటం మానేసింది. పొయ్యి దగ్గర, బావి దగ్గర, ఎక్కడా మాట లేదు. తినీ తినకా కొట్టంలో ఎడ్ల దగ్గరే ఎక్కువసేపు నిలబడేది. ఇదేదో తమ్ముడి ఇంటికి కబురు పంపే ఆలోచనేనని నాకు ఖాయమైపోయింది. ఆ పిల్ల కాకపోతే దాని చెల్లెలు వస్తుంది, పళ్ళెం పెడుతుంది. పెట్టనీ, ఆ పళ్ళెం ఎత్తి పెంట మీద పారేస్తాననుకుంటూ రోజులు గడిపాను. ఒక పొద్దున నేను పిడకలు కొడుతుంటే వచ్చి నా వెనక నిలబడింది.

"మూటగట్టు. పట్నం పోదాం. పెద్ద దవాఖానకు," అంది.

నా చేతిలో పేడ చేతిలోనే ఉంది. "ఎవరెవరం?"

"నువ్వు, నేను, పిలగాడు. వాని బాపు గూడ వస్తడు, తోవకు మొగదిక్కు ఉండాలె గద. దాచింది చాలు."

దేవరకొండ దాకా బండి మీద వెళ్ళి, అక్కడి నుంచి బస్సెక్కి హైదరాబాదు చేరాం. పట్నంలో దవాఖాన ఎంత పెద్దదంటే, లోపల దారి తప్పి వెళ్ళిన చోటికే మళ్ళీ వచ్చాం. డాక్టరు నెరిసిన గడ్డమున్న పెద్దాయన, ఉర్దూ తప్ప మాట్లాడడు. మా బాపు నేర్పిన ఉర్దూ అక్కడ అక్కరకొచ్చింది. ఆయన అడిగింది నేను అత్తకూ మా ఆయనకూ తెలుగులో చెప్పడం, వీళ్ళు చెప్పింది ఆయనకు ఉర్దూలో చెప్పడం.

డాక్టరు కూడా ముందు చేతులు వేడినీళ్ళలో ముంచి తుడుచుకున్నాడు. వాడిని గొంతుక్కూర్చోబెట్టి చూశాడు, కాళ్ళు మడిపించి సక్లముక్లం వేయించి చూశాడు, పడుకోబెట్టి చూశాడు. చల్లటి చేతులు తగిలితే కొందరు పిల్లలకు మంచివి కూడా భయపడి పైకి పోతాయట, వేడికి దిగి వస్తాయట, వాటికి ఏ వైద్యమూ అక్కర్లేదట. వీడిది అట్లాంటిది కాదన్నాడు. బిడ్డ తల్లి కడుపులో ఉన్నప్పుడు వృషణాలు పొట్టలో తయారై, పుట్టేలోపు మెల్లగా కిందికి దిగుతాయట. కొందరికి ఒకటి దారిలో ఆగిపోతుంది, ఏడాది నిండేలోపు దిగితే దిగినట్టు, ఆ తర్వాత దానంతట అది దిగడం అరుదు అన్నాడు. నా నూనె, నా నిమరడం అంతా వృథానే అన్నమాట. లోపలి వేడికి అది పాడవుతుందనీ, పెద్దయ్యాక అందులో చెడ్డ కణితి పుట్టే భయం కూడా ఉంటుందనీ చెప్పాడు. కుడివైపుది బాగుంది కాబట్టి పిల్లలు పుట్టరన్న బెంగ పెట్టుకోవద్దన్నాడు. ఆ ముక్క విన్నాక మా ఆయన మొదటిసారి తల ఎత్తాడు.

"ఇంకొన్నేళ్ళు ఆగి కోసే డాక్టర్లూ ఉన్నారు. నేను మాత్రం వీడిని ఆగనివ్వను," అన్నాడాయన. వాడిని గట్టిగా దగ్గమని గజ్జ దగ్గర వేలు పెట్టాడు. "అది దిగాల్సిన దారి మూసుకోలేదు. ఏడ్చినా దగ్గినా ఉబ్బేది అందుకే. ఆ సందులోకి పేగు జారి ఎప్పుడైనా ఇరుక్కోవచ్చు. ఇరుక్కుంటే ప్రాణం మీదికొస్తుంది."

ఆపరేషను చేశారు. మత్తు వాసన వార్డంతా ఉంది. దాన్ని కిందికి దింపి, మళ్ళీ పైకి పోకుండా దారంతో తొడకు లాగి కట్టారు. దారం విప్పేదాకా వాడు కదలకుండా పడుకోవాలి. ఒక వైపు నేను, ఒక వైపు అత్త కూర్చుని కాపలా కాశాం. వాడు నొప్పికి ఏడ్చినప్పుడు ఆమె కూడా ఏడ్చింది, నాకు కనిపించకుండా కాదు, కనిపించేలాగే.

కట్టు విప్పే రోజు మా ఆయన పాలకు వెళ్ళాడు. డాక్టరు గాయం చూసి సంతోషపడ్డాడు. చెయ్యి కడుక్కుంటూ, "ఇది కొన్ని ఇళ్ళల్లో వరసగా వస్తుంది. మీ ఇంట్లో ఇంకే మగపిల్లవాడికైనా ఉండేదా?" అని అడిగాడు.

"లేదు," అన్నాను వెంటనే.

"ఏమంటుండు?" అంది అత్త.

చెప్పాను.

"ఉండె," అంది అత్త.

ఆమె మంచం కోడు పట్టుకుని మెల్లగా చెప్పింది. "నా పెద్దోనికి ఉండె. నీళ్ళు పోసినప్పుడల్ల చూస్తుంటి. ఒకటే ఉండె. మా అత్తకు భయపడి నేను గూడ ఎవ్వలకు చెప్పలే. ఒకనాడు వానికి గజ్జల ఉబ్బొచ్చింది. ఇగ పోలేదు. కడుపు బిర్రుగైంది, పాలు దాపినా కక్కిండు. గడ్డ అన్నరు. గిట్లనే కొడవలి కాల్చిన్రు. కాళ్ళు కదలకుండ పట్టుమన్నరు. నేనే పట్టిన. గుడిసెల వీని మీద చెయ్యేసిన దాక నాకు తెల్వలే పిల్లా, గది గడ్డ గాదని."

నేను ప్రతి ముక్కా ఉర్దూలో చెప్పాను. డాక్టరు తువ్వాలు పక్కన పెట్టి స్టూలు మీద కూర్చున్నాడు.

"అడుగు," అంది అత్త. "గప్పుడు నేను నోరు తెరిచి, దవాఖానకు పట్టుకొస్తే, బతుకుతుండెనా అడుగు."

అడిగాను. ఆయన నిజాయితీ గల మనిషి, నేరుగా నాకే చెప్పాడు. అదే రోజు తెచ్చి ఉంటే బతికేవాడేనన్నాడు. ఇరుక్కున్న పేగును లోపలికి తోసి కుట్టడం అప్పటికే డాక్టర్లకు తెలుసనీ, ఎందరో పిల్లలు బతికారనీ, కాల్చినందువల్ల పోలేదు గానీ కాలయాపన వల్ల పోయాడనీ వివరంగా చెప్పాడు.

అత్త నా నోటినే చూస్తోంది.

"అప్పట్ల గీ ఆపరేషనే లేకుండెనట అత్తా," అన్నాను. "ఎవ్వల చేతుల్ల ఏం లేకుండెనట."

ఆమె డాక్టరు ముఖం చూసింది. ఆయనకు తెలుగు రాదు, పాపం తల దించుకున్నాడు. ఆమె మళ్ళీ నా వైపు చూసింది. వాడి కాలి మీది దుప్పటి సర్దింది.

ఊరికి తిరిగొచ్చాక గాయం పూర్తిగా మానిన రోజు, నేను పెరట్లోకి వచ్చేసరికి అత్త బండ కడిగి, కాళ్ళు చాపుకొని కూర్చుని ఉంది. ఏడేళ్ళవాడిని ఒళ్ళో వేసుకుంటే వాడి కాళ్ళు నేల మీద పడి ఉన్నాయి. సిగ్గుతో ఒకటే నవ్వుతున్నాడు. "అవ్వా, నేను పెద్దగైన, ఇడువు" అని గింజుకుంటున్నాడు. ఆమె వదల్లేదు. అరచేతులు రుద్దుకుని వీపుకు నూనె పట్టించింది, తల ఒత్తింది, నలుగు పెట్టింది. ఒక పసివాడికి పోయాల్సిన నీళ్ళన్నీ వాడి మీదే పోసింది.

"ఆ డాక్టరు శానసేపు మాట్లాడె," అంది నా వైపు చూడకుండా. "నువ్వు రెండు ముక్కలల్ల చెప్పినవ్."

నేను చెంబు అందించి, నోరు మూసుకున్నాను.